వేగానికి వెల ఎంత?

ఆధునిక యుగాన్ని వేగయుగమని అంటారు. ఎడ్లబండి మీద పగలంతా ప్రయాణించి చేరవలసిన ఊరికి నేడు మనం ఒక గంటలో చేరుకొంటున్నాం. ఇది మానవమేధ సాధించిన విజయాలలో ఒకటి అనడంలో సందేహం లేదు. కాని లోకంలో ఏదీ ఉచితంగా లభించదు. వేగానికి కూడా ఒక వెల ఉన్నది. ఆ వెలను మనం పెట్రోలు బంకు దగ్గర చెల్లిస్తున్నాం. ఎంత చెల్లిస్తున్నామో మాత్రం చాలమందికి తెలియదు.

ఈ విషయంలో రెండు అభిప్రాయాలు తరచుగా వినవస్తుంటాయి. వేగంగా పోతే త్వరగా చేరుతాం, యంత్రం తక్కువసేపు నడుస్తుంది, కాబట్టి పెట్రోలు కూడా తక్కువే పడుతుందనేది మొదటి అభిప్రాయం. ఎంత మెల్లగా పోతే అంత ఆదా అనేది రెండవది. ఈ రెండింటిలోను కొంత సత్యం ఉన్నది; ఏ ఒక్కటీ సంపూర్ణ సత్యం కాదు. కారు నడిచే వడికి, అది తాగే ఇంధనానికి గల సంబంధాన్ని సామాన్యశాస్త్ర పరిజ్ఞానంతోనే అర్థం చేసుకోవచ్చును. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

పెట్రోలు ఎక్కడ ఖర్చవుతున్నది?

ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి నిక్షిప్తమై ఉంటుంది. అందులో అధికభాగం వేడిగా మారి పొగగొట్టం గుండా, రేడియేటరు గుండా వృథాగా పోతుంది. ఇది డ్రైవరు తప్పు కాదు. అంతర్దహన యంత్రాల స్వభావమే అంత. మంచి రోడ్డుమీద నిలకడగా పోయేటప్పుడు సైతం పెట్రోలులోని శక్తిలో దాదాపు నాలుగోవంతు మాత్రమే చక్రాలకు అందుతుంది.

ఆ కొద్దిపాటి శక్తి సమతలమైన రోడ్డుమీద ముఖ్యంగా రెండు ఆటంకాలను ఎదుర్కోవాలి. మొదటిది చక్రాల దొర్లుడు ఘర్షణ. బండి బరువుకు టైరు అడుగుభాగం నొక్కుకుపోయి, తిరిగి యథాస్థితికి వస్తూ ఉంటుంది. ఈ నలుగుడులో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. రెండవది గాలి నిరోధం. వీటికి తోడు యంత్రం తన్ను తాను తిప్పుకోవడానికే కొంత ఇంధనం కావాలి. పిస్టన్ల రాపిడి, చమురును, నీటిని తిప్పే పంపులు, విద్యుత్తును తయారుచేసే ఆల్టర్నేటరు, ఇవన్నీ బండి కదిలినా, కదలకపోయినా పెట్రోలు తాగుతూనే ఉంటాయి.

కాబట్టి కారు ఖర్చుకు మూడు పద్దులున్నవి: యంత్రం సొంత ఖర్చు, టైర్ల ఖర్చు, గాలి ఖర్చు. వేగం మారినప్పుడు ఈ మూడు పద్దులూ ఒకే విధంగా మారవు. అసలు రహస్యమంతా ఇక్కడే ఉన్నది.

గాలి అడ్డుగోడ

గాలి కంటికి కనబడదు కాబట్టి అది ఏమీ చేయదని అనుకొంటాం. నడుస్తున్న కారు కిటికీలోనుంచి చేయి బయటపెట్టి చూసినవారికి నిజం తెలుస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు చేతికి చల్లగా తగిలే గాలి, వేగం హెచ్చినకొద్దీ చేతిని వెనుకకు నెట్టివేస్తుంది. ఆ చేతికి తగిలే దెబ్బే కారు ముఖానికంతటికీ తగులుతున్నది.

ఈ నిరోధం వేగంతో ఏ పాళ్లలో పెరుగుతుందనే ప్రశ్న ప్రాచీనమైనదే. ప్రవాహంలో కదిలే వస్తువుకు ఎదురయ్యే నిరోధం దాని వడి వర్గానికి అనుపాతంలో ఉంటుందనే భావాన్ని సర్ ఐజాక్ న్యూటన్ 1687లో వెలువడిన తన మహాగ్రంథంలో చర్చించాడు. రోడ్డుమీద కార్లు పోయే వేగాలకు ఈ సూత్రం చక్కగా వర్తిస్తుంది. వర్గము అంటే వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అన్నమాట. కారణం కష్టమైనది కాదు. వేగం రెండింతలైతే ప్రతి క్షణం కారు పక్కకు నెట్టవలసిన గాలి రెండింతలవుతుంది. అంతేకాక ఆ గాలిని రెండింతల వేగంతో నెట్టవలసి వస్తుంది. రెండు రెళ్లు నాలుగు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ప్రయాణికులతో కలిపి 1000 కిలోగ్రాములు తూగే ఒక చిన్న పెట్రోలు కారును ఊహించుకొందాం. దాని టైర్ల నిరోధం సుమారు 12 కిలోల బరువుతో సమానమనుకొందాం. ఈ నిరోధం వేగంతో అంతగా మారదు. ఇక గాలి నిరోధం. కారు ముఖభాగం వైశాల్యం 2 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.35 అనుకొని లెక్క వేస్తే ఈ క్రింది ఫలితం వస్తుంది:

గంటకు 40 కి.మీ. వేగంలో 5 కిలోల బరువంత
60 కి.మీ. వేగంలో 12 కిలోల బరువంత
80 కి.మీ. వేగంలో 21 కిలోల బరువంత
100 కి.మీ. వేగంలో 33 కిలోల బరువంత
120 కి.మీ. వేగంలో 48 కిలోల బరువంత

60 కిలోమీటర్ల దగ్గర టైర్ల నిరోధం, గాలి నిరోధం సమానంగా ఉన్నాయి. అంతకు తక్కువ వేగంలో టైర్లదే పైచేయి. అంతకు ఎక్కువైతే గాలిదే పైచేయి. 120కి చేరేసరికి రమారమి ఒక సిమెంటు బస్తా బరువంత బలంతో గాలి కారును అనుక్షణం వెనుకకు నెట్టుతున్నది. ప్రతి కిలోమీటరు పొడవునా దానిని ఎదురునెట్టుకొంటూ పోవలసిందే.

యంత్రం పడే శ్రమ ఇంకా తీవ్రంగా పెరుగుతుంది. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది కాబట్టి, గాలిని చీల్చడానికి కావలసిన సామర్థ్యం వడి ఘనానికి అనుపాతంలో ఉంటుంది. మన ఉదాహరణలోని కారుకు టైర్ల నిరోధాన్ని కూడా కలుపుకొని 60 కిలోమీటర్ల వేగంలో చక్రాల దగ్గర 5 అశ్వసామర్థ్యాలకు కొంచెం ఎక్కువ చాలు. 120లో 26 అశ్వసామర్థ్యాలు కావాలి. వేగం రెండింతలు, శ్రమ ఐదింతలు!

మరి మెల్లగా పోతేనో?

ఇంతవరకు చదివినవారు, అలాగైతే 20 కిలోమీటర్ల వేగంతో పోతే అందరికంటె ఎక్కువ ఆదా కదా అని అడుగవచ్చును. ఇక్కడే మొదటి పద్దు, అంటే యంత్రం సొంత ఖర్చు, ముందుకు వస్తుంది.

అద్దె సైకిళ్ల దుకాణాలు ప్రతి పట్టణంలోను ఉండిన కాలాన్ని పెద్దలు ఎరుగుదురు. గంటకు ఇంత అని అద్దె. ఆ సైకిలు మీద వేగంగా తొక్కి పదిమైళ్లు తిరిగివచ్చినా, చెట్టుకింద ఆపి మిత్రునితో ముచ్చటించినా అద్దె ఒక్కటే. నెమ్మదిగా తొక్కినవానికి మైలుకు పడే అద్దె పెరుగుతుంది. కారు యంత్రం సొంత ఖర్చు సరిగా ఈ అద్దె వంటిది. అది ముఖ్యంగా గంటల లెక్కన పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు వంద కిలోమీటర్లు చేరడానికి ఐదు గంటల అద్దె చెల్లించాలి. పైగా అంత తక్కువ వేగంలో చిన్న గేర్లు వాడవలసి రావడం వల్ల ప్రతి కిలోమీటరుకు యంత్రం ఎక్కువసార్లు తిరుగుతుంది.

ఈ రెండు శక్తులూ ఒకదానికొకటి వ్యతిరేకంగా లాగుతున్నాయి. అద్దె పద్దు మనలను త్వరపడమంటుంది. గాలి పద్దు నెమ్మదించమంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఖర్చు కనిష్ఠంగా ఉంటుంది. మన ఊహాకారుకు అద్దె గంటకు 0.8 లీటరని, దానికి పైన కాలే ప్రతి లీటరు చక్రాలకు కోటి జౌళ్ల పని అందిస్తుందని అనుకొంటే, నిలకడ వేగంతో 100 కిలోమీటర్లకు అయ్యే పెట్రోలు ఇలా ఉంటుంది:

20 కి.మీ. వేగం: 5.33 లీటర్లు (లీటరుకు 19 కి.మీ.)
40 కి.మీ. వేగం: 3.72 లీటర్లు (లీటరుకు 27 కి.మీ.)
50 కి.మీ. వేగం: 3.61 లీటర్లు (లీటరుకు 28 కి.మీ.)
60 కి.మీ. వేగం: 3.70 లీటర్లు (లీటరుకు 27 కి.మీ.)
80 కి.మీ. వేగం: 4.27 లీటర్లు (లీటరుకు 23 కి.మీ.)
100 కి.మీ. వేగం: 5.24 లీటర్లు (లీటరుకు 19 కి.మీ.)
120 కి.మీ. వేగం: 6.54 లీటర్లు (లీటరుకు 15 కి.మీ.)

ఇవి ఒక కంపెనీ కారును పరీక్షించి పొందిన అంకెలు కావు. పైన చెప్పిన ఊహలనుబట్టి వేసిన లెక్క మాత్రమే. కారును బట్టి అంకెలు మారుతాయి. కాని వాటి తీరు మాత్రం మారదు. కాగితం మీద గీస్తే అది అడుగున వెడల్పుగా ఉండే ఒక మూకుడు ఆకారంలో వస్తుంది. 40కి, 60కి మధ్య పెద్ద తేడా లేదు. 60 దాటినప్పటినుంచి అంచు పైకి లేస్తుంది. 80 దాటాక నిటారుగా లేస్తుంది. గమనింపదగిన వింత మరొకటి ఉన్నది. 20 కిలోమీటర్లతో ప్రాకినవానికి, 100 కిలోమీటర్లతో పరుగెత్తినవానికి మైలేజీ ఒక్కటే. అందుచేతనే మొదట పేర్కొన్న రెండు అభిప్రాయాలలోను కొంత సత్యమున్నదన్నాను.

నిమిషం వెల

ఇంతకు సామాన్యునికి ఈ లెక్కతో ఏమి పని? మనిషి కేవలం పెట్రోలు ఆదా చేయడానికి బయలుదేరడు. ఊరు చేరడానికి బయలుదేరుతాడు. అతనికి కాలం కూడా విలువైనదే. కాబట్టి ప్రశ్నను ఇలా అడగడం సమంజసం: వేగం పెంచి మిగుల్చుకొన్న ఒక్కొక్క నిమిషానికి మనం ఎంత చెల్లిస్తున్నాం?

లెక్క సులభంగా ఉండడానికి పెట్రోలు లీటరు 100 రూపాయలనుకొందాం. వంద కిలోమీటర్ల దూరాన్ని 60కి బదులు 80 వేగంతో పోతే 25 నిమిషాలు మిగులుతాయి. 57 రూపాయలు అదనంగా ఖర్చవుతాయి. అనగా నిమిషం వెల రెండు రూపాయల పావలా. 80కి బదులు 100 వేగంతో పోతే మిగిలేది 15 నిమిషాలే. అదనపు ఖర్చు 97 రూపాయలు. నిమిషం వెల ఆరున్నర రూపాయలు. 100కి బదులు 120 వేగంతో పోతే మిగిలేది 10 నిమిషాలు. ఖర్చు 130 రూపాయలు. నిమిషం వెల 13 రూపాయలు.

ఈ మూడు మెట్లను జాగ్రత్తగా పరిశీలించాలి. ప్రతి మెట్టులోను పెంచిన వేగం ఒక్కటే, 20 కిలోమీటర్లు. కాని దక్కిన కాలం 25, 15, 10 నిమిషాలుగా తగ్గుతూ వచ్చింది. చెల్లించిన సొమ్ము 57, 97, 130 రూపాయలుగా పెరుగుతూ వచ్చింది. సరుకు తగ్గుతుంటే ధర పెరిగే అంగడి ఇది. ఏ గృహస్థు కూడా కూరగాయల బజారులో ఇటువంటి బేరం ఒప్పుకొనడు. రోడ్డుమీద మాత్రం మనం తెలియక ఒప్పుకొంటున్నాం. తెలియకపోవడానికి కారణం, మిగిలిన నిమిషాలు అప్పటికప్పుడు కంటికి కనబడతాయి. పోయిన పెట్రోలు కనబడదు.

కర్నూలు నుంచి హైదరాబాదుకు సుమారు 210 కిలోమీటర్లు. నిలకడగా 80 వేగంతో పోయినవాడు రెండు గంటల ముప్పైఎనిమిది నిమిషాలలో చేరుతాడు. 100 వేగంతో పోయినవాడు అరగంట ముందు చేరుతాడు. అందుకు రెండు లీటర్లు అదనంగా కాలుస్తాడు. హైదరాబాదు పొలిమేరలో వాహనాల రద్దీలో చిక్కుకొంటే ఆ అరగంట అక్కడే హరించుకుపోతుంది. పోయిన రెండు లీటర్లు మాత్రం తిరిగిరావు.

ఇది ఎవరి లెక్క?

ఇది కారున్న శ్రీమంతుల గొడవ అని కొందరు విద్యార్థులు అనుకోవచ్చును. కాని టాక్సీ, ఆటో, లారీ నడిపి కుటుంబాన్ని పోషించేవారు, పిల్లలను కళాశాలకు పంపేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. శ్రీమంతునికి లీటరు పెట్రోలు లెక్కకు రాదు. కిరాయికి బండి నడిపేవానికి మాత్రం ఇంధనమే ప్రధానమైన ఖర్చు. కిరాయి ఎంతో ముందే స్థిరపడి ఉంటుంది. అందులోనుంచి పెట్రోలు పోగా మిగిలినదే ఇంటికి చేరుతుంది.

ఒక టాక్సీ డ్రైవరు నెలకు 1500 కిలోమీటర్లు పెద్ద రోడ్లమీద నడుపుతాడనుకొందాం. పై లెక్కప్రకారం 100 వేగానికి బదులు 80 వేగం పాటిస్తే నెలకు పద్నాలుగున్నర లీటర్లు, అంటే సుమారు 1450 రూపాయలు మిగులుతాయి. సంవత్సరానికి పదిహేడువేల పైచిలుకు. ఒక విద్యార్థి పుస్తకాలకు, బస్సు ఛార్జీలకు, పరీక్ష రుసుముకు అది చిన్న మొత్తం కాదు.

దీనికి ప్రతిగా ఆ డ్రైవరు పోగొట్టుకొనేది ఏమిటి? నెలకు మూడు గంటల ముప్పావు కాలం. ఇక్కడ నిజాయితీగా ఆలోచించాలి. ఆ మూడు గంటల ముప్పావులో అతనికి మరొక మంచి కిరాయి దొరికేటట్లయితే, అది 1450 రూపాయలకంటె ఎక్కువ మిగిల్చేటట్లయితే, వేగంగా పోవడమే లాభమని లెక్క చెబుతుంది. కాని ఆ కాలం నెలంతా పావుగంటలుగా, అరగంటలుగా చెదిరి ఉంటుంది. పావుగంట ముందుగా వచ్చి స్టాండులో నిలబడినంత మాత్రాన కొత్త కిరాయి రాదు. అందువల్ల వేగం తెచ్చిన నిమిషాలలో ఎక్కువభాగం ఎదురుచూపులోనే ఖర్చవుతుంది. వాటికి చెల్లించిన వెల మాత్రం నిజమైనది.

ప్రాణాపాయంలో ఉన్న రోగిని ఆసుపత్రికి తీసుకొనిపోయే అంబులెన్సుకు ఈ లెక్క వర్తించదని వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ నిమిషానికి వెల కట్టలేము.

ఒక దేశం చేసిన ప్రయోగం

కుటుంబానికి వర్తించే లెక్క దేశానికీ వర్తిస్తుంది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించినప్పుడు ప్రపంచమంతటా ఇంధన సంక్షోభం ఏర్పడింది. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. అప్పుడు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974 జనవరి 2న ఒక చట్టంపై సంతకం చేశాడు. దాని ప్రకారం దేశమంతటా గరిష్ఠవేగం గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితమైంది. విశాలమైన రహదారులకు, భారీ కార్లకు పేరుపొందిన దేశం చమురు కోసం తన వేగాన్ని తగ్గించుకొన్నది.

ఇంధనం ఆశించినంతగా మిగలలేదు. చాలమంది ఆ పరిమితిని పాటించలేదు. పైగా అందరి ప్రయాణాలూ పెద్ద రహదారులమీదనే సాగవు. కాని మరొక ఫలితం కనబడింది. 1973లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారి సంఖ్య 54 వేలకు పైబడి ఉండగా 1974లో అది దాదాపు 45 వేలకు తగ్గింది. ప్రయాణాలు తగ్గడం కూడా దీనికి ఒక కారణమే. అయినప్పటికి వేగం తగ్గడానికి ఇందులో గణనీయమైన పాత్ర ఉన్నదని నిపుణులు అంగీకరించారు. 1987లో ఆ పరిమితిని కొంత సడలించి, 1995లో పూర్తిగా రద్దు చేశారు.

మన దేశంలో పెట్రోలియం పొదుపు కోసం ప్రత్యేకంగా ఒక పరిశోధన సంఘం 1978లో ఏర్పడింది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల నిలకడ వేగంతో నడపవలసిందిగా అది వాహనదారులకు సలహా ఇస్తూ వచ్చింది. మనం పైన వేసిన లెక్కలో కనిష్ఠ ఖర్చు 50 దగ్గర రావడం గమనార్హం. మనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాలనుంచే దిగుమతి అవుతున్నది. అందువల్ల రోడ్డుమీద వృథాగా కాలిన ప్రతి లీటరు దేశపు బొక్కసానికి కూడా చిల్లు పెడుతున్నది. ఒక లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుందన్నది కూడా మరువరాదు.

నిలకడ కూడ ముఖ్యమే

ఇంతవరకు చెప్పినదంతా నిలకడ వేగం గురించి. మన ఊళ్లలో బండి నిలకడగా పోయే అవకాశం తక్కువ. వేగం పుంజుకొన్న ప్రతిసారీ కారులో గతిజశక్తి చేరుతుంది. బ్రేకు వేయగానే అదంతా వేడిగా మారి నశిస్తుంది. మన ఊహాకారు 60 కిలోమీటర్ల వేగాన్ని ఒకసారి అందుకోవడానికి సుమారు 14 మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే ఒక పెద్ద చెంచాడు కావాలి. 100 వేగాన్ని అందుకోవడానికి సుమారు 39 మిల్లీలీటర్లు. గతిజశక్తి కూడా వడి వర్గాన్నిబట్టే పెరుగుతుంది కదా! ముందున్న స్పీడుబ్రేకరును చూచి కూడా యాక్సిలరేటర్ తొక్కి, దగ్గరికి వచ్చాక బ్రేకు వేసేవాడు ప్రతిసారీ ఒక చెంచాడు పెట్రోలును రోడ్డుమీద పారబోస్తున్నట్లే. దూరంనుంచే కాలు తీసి బండిని తనంతట తాను నెమ్మదించనిచ్చేవాడు తెలివైనవాడు.

ఎదురుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 80 వేగంతో పోయే కారుకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే గాలి నిరోధం 100 వేగంలో ఉన్నంత అవుతుంది. పైకప్పుమీద సామాను కట్టినా, టైర్లలో గాలి తగ్గినా నిరోధం పెరుగుతుంది. ఎ.సి. వేసినప్పుడు మరొక విశేషం ఉన్నది. అది కూడా గంటల లెక్కన అద్దె వసూలుచేసేదే. అద్దె గంటకు 0.8 నుంచి 1.4 లీటర్లకు పెరిగిందనుకొంటే ఖర్చు మొత్తం మీద పెరగడమే కాక, కనిష్ఠ ఖర్చు ఉండే వేగం 50 నుంచి 60కి పైన జరుగుతుంది. కాబట్టి అందరికీ, అన్నివేళలా వర్తించే ఒకే ఆదర్శవేగం లేదు. సూత్రం ఒక్కటే, దానిని సందర్భాన్నిబట్టి అన్వయించుకోవాలి.

నేడు రోడ్లమీద విద్యుత్ కార్లు కూడా తిరుగుతున్నవి. వాటికి నిలిచి ఉన్నప్పుడు తిరిగే యంత్రం లేదు కాబట్టి అద్దె పద్దు చాల తక్కువ. బ్రేకు వేసినప్పుడు నశించే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. అందువల్ల అవి ఊరిలో నెమ్మదిగా తిరిగినప్పుడే ఎక్కువ దూరం పోతాయి. కాని గాలికి పెట్రోలు కారైనా, విద్యుత్ కారైనా ఒక్కటే. పెద్ద రోడ్డుమీద వేగం పెంచితే వాటి బ్యాటరీ కూడా చకచక తరిగిపోతుంది. యంత్రం మారింది, ప్రకృతి ధర్మం మారలేదు.

ప్రాణం వెల

పెట్రోలు లెక్కకు, ప్రాణం లెక్కకు మూలం ఒక్కటే కావడం విశేషం. బ్రేకు తొక్కిన తరువాత కారు ఆగే దూరం కూడా వడి వర్గాన్నిబట్టే పెరుగుతుంది. మంచి రోడ్డుమీద గట్టిగా బ్రేకు వేస్తే 60 వేగంలో ఉన్న కారు సుమారు 23 మీటర్లలో ఆగుతుందనుకొంటే, 80 వేగంలో 41 మీటర్లు, 100 వేగంలో 64 మీటర్లు పడుతుంది. ప్రమాదాన్ని చూచి కాలు బ్రేకు మీదికి చేరేలోగా బండి పోయే దూరం దీనికి అదనం. పిల్లవాడు 50 మీటర్ల దూరంలో రోడ్డుమీదికి పరుగెత్తుకొని వచ్చినప్పుడు పై అంకెలకు అర్థమేమిటో వివరించనక్కరలేదు. పెట్రోలును పొదుపు చేసేవాడు ప్రాణాలను కూడా పొదుపు చేస్తున్నాడు.

అయితే ఆదా పేరిట వేగవంతమైన రహదారి నడుమ 50 వేగంతో పోవడం కూడా క్షేమకరం కాదు. వెనుకనుంచి వచ్చేవారికి అది ఆటంకమవుతుంది. అటువంటి రోడ్లమీద చట్టం అనుమతించిన పరిమితిలో, ఎడమపక్కన, 70 నుంచి 80 మధ్య నిలకడగా పోవడం కాలానికి, కాసుకు, క్షేమానికి తగిన ఒడంబడిక.

మధ్యేమార్గం

తెలుగువారు నిదానమే ప్రధానమన్నారు. ఆలస్యం అమృతం విషమని కూడా అన్నారు. ఈ రెండు సూక్తులూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. మనం గీసిన మూకుడు ఆకారాన్ని చూచినవారికి విరోధం కనిపించదు. ఒక సూక్తి కుడివైపు అంచును గురించి హెచ్చరిస్తే, రెండవది ఎడమవైపు అంచును గురించి హెచ్చరిస్తున్నది.

ఉర్దూలో మితత్వానికి మియానారవీ అనే చక్కని మాట ఉన్నది. మియానా అంటే నడిమిది. రవీ అంటే పోవడం, నడక. మితంగా జీవించడాన్ని ఆ భాష నడిమి నడక అని పిలుస్తున్నది. లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధలో నడకలో మధ్యస్థాన్ని పాటించమన్నది కూడా ఒకటని ఖురాను చదివినవారు ఎరుగుదురు. అవసరానికి మించి వెచ్చించడాన్ని ఇస్రాఫ్ అని ఇస్లాం నిషేధించింది. ఇంత మంచి మాటలు ఇంటిలో వింటూ పెరిగినవారికి భౌతికశాస్త్రం చెప్పే ఈ వర్గసూత్రం కొత్తగా తోచదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు సొంత కార్లు నడుపుతారు. కొందరు మోటారు సైకిళ్లను ఇప్పటికే నడుపుతున్నారు. ఈ వర్గసూత్రం మోటారు సైకిలుకు కూడా వర్తిస్తుంది. మీ ఇంటిలో బండి నడిపేవారు ఉంటే ఈ లెక్కను వారి ముందు పెట్టండి. ఒక నెల 100 వేగంతోను, మరొక నెల 80 వేగంతోను అదే దారిలో నడిపి, పెట్రోలు బిల్లులను పక్కపక్కన ఉంచి చూడమనండి. పుస్తకంలోని అంకెకంటె తమ జేబులోని అంకెను మనుషులు త్వరగా నమ్ముతారు. కళాశాలలో నేర్చిన విద్య ఇంటికి చేరి నాలుగు రూపాయలు మిగిల్చినప్పుడు, ఒక ప్రమాదాన్ని తప్పించినప్పుడు, ఆ విద్య సార్థకమైనదని చెప్పవచ్చును.